కార్టూనిస్టు పట్టుకునే ‘తేడా’

1831 నవంబరులో పారిస్‌లోని ఒక కోర్టులో షార్ల్ ఫిలిపాన్ అనే పత్రికా సంపాదకుడి మీద విచారణ జరిగింది. రాజు లూయీ ఫిలిప్‌ని కించపరిచే బొమ్మ అచ్చు వేశాడన్నది అభియోగం. ఫిలిపాన్ కాగితం తీసుకుని వరసగా నాలుగు బొమ్మలు గీశాడు. మొదటిది రాజుగారి ముఖం, దాదాపు ఉన్నది ఉన్నట్టు. తర్వాతి వాటిలో బుగ్గలు కిందికి జారుతూ, తల పైభాగం సన్నబడుతూ వచ్చింది. నాలుగోది అచ్చంగా పియర్ పండు. ఆయన వాదన చాలా సూటిగా ఉంది. మొదటి బొమ్మ రాజుగారిదైతే దానిలాగే ఉన్న రెండోదీ ఆయనదే, దానిలాగే ఉన్న మూడోదీ ఆయనదే, మరి అలాంటప్పుడు పండు గీసినవాణ్ణి కూడా జైల్లో పెట్టాల్సిందే కదా! కోర్టు వినలేదు. ఆరు నెలల జైలు శిక్ష వేసింది. కానీ అప్పటికే పని జరిగిపోయింది. ఆ తర్వాత పారిస్ గోడల మీద ఎవరు పియర్ పండు గీసినా జనానికి రాజుగారే కనిపించారు.

కార్టూన్ల గురించి ఆలోచించేటప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చేవి ఈ నాలుగు బొమ్మలే. కార్టూనిస్టులను అందరూ అడిగే ప్రశ్నలు రెండున్నాయి. ఐడియాలు ఎక్కడినుంచి వస్తాయి? ఆ బొమ్మ అలా ఎలా గీస్తారు? వీటిని రెండు వేరువేరు విద్యలుగా చూడటం మనకు అలవాటు. ఐడియా అంటే బుర్రలో ఉన్నట్టుండి మెరిసేదనీ, బొమ్మ అంటే చెయ్యి తిరిగితే దానంతటదే వచ్చేదనీ అనుకుంటాం. మరి ఫిలిపాన్ మొదటి బొమ్మ నుంచి నాలుగో బొమ్మకి నడిచిన దారిలో ఐడియా ఎక్కడ ఆగింది, గీత ఎక్కడ మొదలైంది? చెప్పలేం. ఆ ముఖంలో పండుని చూడటమే ఐడియా. ఆ చూపు బయటపడింది గీతలోనే.

ఈ రెంటినీ కలిపి అర్థం చేసుకోవడానికి మనం రోజూ వాడే మాట ఒకటి చాలు: తేడా. ‘ఎక్కడో ఏదో తేడాగా ఉందే’ అంటాం చూడండి, అలా అనిపించిన క్షణమే కార్టూనిస్టుకి ముడిసరుకు. మనం ఆ మాట అనేసి ముందుకి వెళ్లిపోతాం. కార్టూనిస్టు అక్కడే ఆగి, ఆ తేడా సరిగ్గా ఎక్కడుందో వెతుకుతాడు. ముఖంలోనా, మాటకీ చేతకీ మధ్యలోనా, నిన్నటికీ ఇవాళ్టికీ మధ్యలోనా? దొరికాక మిగతావన్నీ తీసేసి దాన్ని ఒక్కదాన్నే కాగితం మీద పెడతాడు. ఈ పనిలోని చిక్కుముళ్లు చాలావరకు ఈ మాట పట్టుకుని లాగితే విడిపోతాయి.

ముఖం ఎలా దొరుకుతుంది?

క్యారికేచర్ అనే మాట ఇటాలియన్ నుంచి వచ్చింది. ఆ క్రియకి అర్థం బండికి సరుకు ఎక్కించినట్టు బరువెక్కించడం. అందుకేనేమో, ముక్కు పెద్దగా ఉంటే ఇంకా పెద్దది చేయడం, చెవులు పెద్దవైతే చేటలు చేయడం అనుకుంటారు చాలామంది. అలా గీసిన బొమ్మలు నవ్వు తెప్పిస్తాయేమో గానీ మనిషి మాత్రం దొరకడు. ఎందుకు దొరకడన్నది నాకు చాలాకాలం అర్థం కాలేదు.

దీనికి ఒక మంచి వివరణ చిత్రకారుల నుంచి కాక కంప్యూటర్ వైపు నుంచి వచ్చింది. 1985లో సూసన్ బ్రెన్నన్ అనే పరిశోధకురాలు క్యారికేచర్లు తయారుచేసే ప్రోగ్రామ్ గురించి ఒక వ్యాసం ప్రచురించారు. అందులోని ఆలోచన చాలా సులువు. చాలా ముఖాల కొలతలు కలిపి ఒక సగటు ముఖం తయారుచేస్తాం. ఒక మనిషి ముఖాన్ని దానితో పోల్చి, ఎక్కడెక్కడ ఎంతెంత తేడా ఉందో కొలుస్తాం. ఆ తేడాలన్నిటినీ ఒకే నిష్పత్తిలో పెంచుతాం. అంతే, క్యారికేచర్ తయారు. తేడాని పెంచకుండా తగ్గిస్తూ పోతే ముఖం సగటు వైపు జరిగి, ఎవరిదీ కాని ముఖమైపోతుంది. 1987లో బ్రెన్నన్ మరో ఇద్దరు పరిశోధకులతో కలిసి ప్రచురించిన ప్రయోగంలో, తమకి తెలిసినవాళ్ల ముఖాలను మామూలు రేఖాచిత్రం కంటే ఇలా పెంచిన బొమ్మలోనే జనం త్వరగా గుర్తుపట్టారు.

అంటే మన మెదడు ముఖాన్ని ఫొటోలా దాచుకోవడం లేదు. ‘అందరిలాంటి ముఖమే గానీ, కళ్ల మధ్య ఎడం కాస్త ఎక్కువ, పై పెదవి కనపడనే కనపడదు’ అన్నట్టుగా, సగటు నుంచి ఉన్న తేడాలుగా గుర్తుపెట్టుకుంటోందన్నమాట. కార్టూనిస్టు ఆ తేడాల జాబితాని నేరుగా మన చేతికే ఇస్తాడు. అందుకే మంచి క్యారికేచర్ చూసినప్పుడు ‘అచ్చం ఆయనే!’ అంటాం. కొలిచి చూస్తే ఒక్క కొలతా ఆయనది కాదు.

జంతువుల్లోనూ ఇలాంటిదే ఒకటి కనిపించింది. నికో టిన్‌బర్గెన్ అనే శాస్త్రవేత్త సీగల్ (సముద్రపు కాకి) పిల్లల మీద ప్రయోగాలు చేశాడు. ఆ జాతిలో తల్లి ముక్కు మీద ఒక ఎర్ర మచ్చ ఉంటుంది, పిల్లలు తిండి కోసం దాన్ని పొడుస్తాయి. తల్లి తలలా చేసిన నమూనా కంటే, చారలున్న ఒక సన్నటి కర్ర ముక్కని పిల్లలు ఇంకా గట్టిగా పొడిచాయి. ఆ కర్రకి కళ్లు లేవు, తల లేదు. పిల్ల మెదడు వెతికే గుర్తు మాత్రమే ఉంది, అదీ అసలుదానికంటే ఎక్కువ మోతాదులో. నాడీశాస్త్రవేత్త విలయనూర్ రామచంద్రన్ 1999లో చిత్రకళ గురించి రాస్తూ ఈ సూత్రాన్నే క్యారికేచర్‌కి అన్వయించారు. కళ మొత్తాన్నీ ఒక కర్ర ముక్కతో వివరించగలమని నేననుకోను. కానీ క్యారికేచర్ మన మీద ఎందుకంత బలంగా పనిచేస్తుందో తెలుసుకోవడానికి ఇది బాగా ఉపయోగపడుతుంది.

గీసేవాళ్లకి ఇందులో చాలా పనికొచ్చే విషయం ఒకటుంది. తేడా అవయవాల్లో కంటే వాటి మధ్య దూరాల్లో ఎక్కువ ఉంటుంది. ముక్కు మామూలుదే కావచ్చు, ముక్కుకీ పెదవికీ మధ్య జాగా విపరీతంగా ఉండొచ్చు. నుదురు మామూలుదే, కానీ ముఖంలో మిగతావన్నీ గడ్డం దగ్గర కిక్కిరిసిపోయి ఉండొచ్చు. ముఖంలో ఒకచోట పెంచితే ఇంకోచోట తగ్గించాలి, లేకపోతే పెంచినట్టే తెలియదు. కొత్తవాళ్లు అన్నిటినీ పెంచేస్తారు. అన్నీ పెరిగినచోట ఏదీ కనిపించదు.

ఫొటో ముందు పెట్టుకుని గీస్తే ఇది ఇంకా కష్టమవుతుంది. ఫొటోలో ఉన్నది ఒక్క క్షణం, ఒక్క వెలుతురు. జ్ఞాపకంలో ఉన్నది మాత్రం అప్పటికే జల్లెడ పట్టిన ముఖం. ఫిలిపాన్ పత్రికలో పనిచేసిన ఒనోరె దోమియే పార్లమెంటు సభ్యుల తలలను మట్టితో చిన్న చిన్న బొమ్మలుగా చేసి, వాటిని ఆధారం చేసుకుని లిథోగ్రాఫులు (రాతి మీద గీసి అచ్చు వేసే బొమ్మలు) గీశాడు. ఆ మట్టి తలలు ఇప్పటికీ పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉన్నాయి. చూసింది చూసినట్టు దించకుండా, ముందు చేతులతో తడిమి తెలుసుకుని, ఆ తర్వాత గీశాడన్నమాట. న్యూయార్క్ నాటకాలకి బొమ్మలు వేసిన ఆల్ హిర్ష్‌ఫెల్డ్ అయితే చీకట్లో కూర్చుని, కోటు జేబులో చెయ్యి పెట్టి, కాగితం వైపు చూడకుండానే పెన్సిలుతో గుర్తులు వేసుకునేవాడు. ఇంటికొచ్చి ఆ గజిబిజి గీతల్లోంచి నటుడి నడకనీ విరుపునీ బయటికి లాగేవాడు. కాగితం కనపడకపోవడం ఆయనకి మేలే చేసిందని నా నమ్మకం. చూపంతా మనిషి మీదే ఉండిపోయింది కదా.

మూస బొమ్మ క్యారికేచర్ కాదు

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఈ గందరగోళం చాలా హాని చేసింది. క్యారికేచర్ ఒక మనిషిని అందరి నుంచీ వేరుచేసి చూపిస్తుంది. మూస బొమ్మ సరిగ్గా దీనికి ఎదురు పని చేస్తుంది. ఒక జాతిలోనో కులంలోనో మతంలోనో ఉన్న వేలమంది మధ్య తేడాలను చెరిపేసి, అందరికీ ఒకే ముసుగు తగిలిస్తుంది. రెండిట్లోనూ ముక్కులూ పెదవులూ పెరిగే ఉంటాయి కాబట్టి పైకి ఒకేలా కనిపిస్తాయి. లోపల జరిగే పని వేరు. నాజీ జర్మనీలో యూదుల మీద ద్వేషం పెంచడానికి వాడిన బొమ్మలన్నిట్లో ఒకే ముఖం ఉంటుంది. ఆ గీసినవాళ్లు ఏ ఒక్క యూదుణ్ణీ చూసి గీయలేదు. చూసి ఉంటే ఆ బొమ్మ రాదు.

బొమ్మల కథల హీరో టిన్‌టిన్‌ని సృష్టించిన బెల్జియం చిత్రకారుడు ఎర్జే జీవితంలో ఈ తేడా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. 1930, 1931ల్లో కాంగో నేపథ్యంగా గీసిన కథలో ఆఫ్రికన్లందరికీ దాదాపు ఒకే ముఖం వేశాడు. ఎక్కడో విన్నవీ, ఎవరో చెప్పినవీ పోగేసి గీసిన బొమ్మలవి. 1934లో బ్రస్సెల్స్‌లో చదువుకుంటున్న చాంగ్ చోంగ్‌రెన్ అనే చైనా విద్యార్థితో ఆయనకి స్నేహమైంది. తర్వాత వచ్చిన చైనా కథలో వీధుల బోర్డుల మీద నిజమైన చైనా అక్షరాలున్నాయి, ఒక్కో మనిషికీ ఒక్కో ముఖం ఉంది. చాంగ్ ఆయనకి కుంచె పట్టే తీరు కూడా నేర్పాడు. కానీ అదే కథలో జపాన్‌వాళ్లని మాత్రం పాత మూసలోనే గీశాడు. స్నేహం ఎంతవరకు వెళ్లిందో చూపు కూడా అంతవరకే వెళ్లింది.

నిజమైన మనిషి మీద లేని తేడాని అంటించడం కూడా జరుగుతుంది. నెపోలియన్ అనగానే పొట్టివాడు గుర్తొస్తాడు. ఆయన ఎత్తు సుమారు 168 సెంటీమీటర్లు, ఆ రోజుల్లో ఫ్రాన్సులో అది మామూలు ఎత్తే. పెద్ద టోపీ, పెద్ద బూట్లు, కోపంతో గంతులేసే మరుగుజ్జుగా ఆయన్ని గీసినవాళ్లలో ముందు చెప్పుకోవలసింది బ్రిటిష్ చిత్రకారుడు జేమ్స్ గిల్‌రే. రెండు శతాబ్దాల తర్వాత కూడా కొలత ఓడిపోయి గీతే గెలిచింది. గీతకి ఇంత బలం ఉందని తెలిసినవాడు ఒళ్లు దగ్గర పెట్టుకుని గీయాలి.

రెండు చుక్కలు, ఒక గీత

తేడాని పెంచడం సగం పని. మిగతా సగం, అవసరం లేనిదాన్ని తీసేయడం.

జెనీవాలో రొడోల్ఫ్ టోప్ఫెర్ అనే బడిపంతులు ఉండేవాడు. చిత్రకారుడు కావాలనుకున్నాడు గానీ కంటి జబ్బు వల్ల కాలేకపోయాడు. పిల్లలని నవ్వించడానికి బొమ్మల కథలు గీశాడు. ఇవాళ్టి కామిక్స్‌కి మూలపురుషుడిగా చాలామంది ఆయన్నే చెబుతారు. 1845లో ముఖాల గురించి ఆయన ఒక చిన్న పుస్తకం వేశాడు. అందులోని ముఖ్యమైన మాట ఇది: ఎంత చేతకాకుండా గీసినా సరే, మనిషి ముఖం అంటూ గీస్తే దానికి ఏదో ఒక భావం ఉండి తీరుతుంది. కళా చరిత్రకారుడు గోంబ్రిచ్ దీనికి ‘టోప్ఫెర్ సూత్రం’ అని పేరు పెట్టాడు.

కావాలంటే ఇప్పుడే చూడండి. ఒక గుండ్రం గీసి, రెండు చుక్కలు పెట్టి, కింద ఒక అడ్డగీత గీయండి. ఏమీ అనుకోకుండా గీసినా ఆ ముఖం ఏదో అంటూనే ఉంటుంది. చుక్కలని దగ్గరికి జరపండి, మనిషి మారిపోతాడు. గీతని ఒకవైపు వెంట్రుకవాసి పైకి లేపండి, వాడికి ఏదో రహస్యం తెలుసు. చుక్కల మీద రెండు చిన్న గీతలు లోపలికి వాలేలా పెడితే కోపం, బయటికి వాలితే దిగులు. టోప్ఫెర్ చేసింది ఇదే. ముందు గీసేవాడు, ఆ ముఖం ఏం చెబుతోందో తర్వాత చూసుకునేవాడు, నచ్చినవాడికి కథ అల్లేవాడు. ఇక్కడ కూడా ఐడియా గీత తర్వాతే వచ్చింది.

తక్కువ గీతలతో గీసిన ముఖంలో చదివేవాళ్లకి చోటు ఉంటుంది. నూనె రంగుల్లో చర్మం ముడతలతో సహా వేస్తే అది ఎవరో ఒకరి ముఖం. రెండు చుక్కల ముఖం మాత్రం ఎవరిదైనా కావచ్చు, మనదీ కావచ్చు. చార్లెస్ షుల్ట్స్ ‘పీనట్స్’ కామిక్‌లో గీసిన చార్లీ బ్రౌన్‌ని చూడండి. గుండ్రటి తల, రెండు చుక్కలు, నుదుటి మీద ఒక మెలిక. 1950 అక్టోబరు 2 నుంచి దాదాపు యాభై ఏళ్లపాటు, 17,897 స్ట్రిప్పులు ఆయన ఒక్కడే గీశాడు. సహాయకులని పెట్టుకోలేదు. తనకి నచ్చిన పాళీని తయారుచేసే కంపెనీ మూతపడుతోందని తెలిసి మిగిలిన సరుకంతా కొనేశాడు. ఆ పాళీ వేసే గీత మందమే తన పాత్రల గొంతు అని తెలిసినవాడు మాత్రమే అలా చేస్తాడు. 1981లో గుండె ఆపరేషన్ అయ్యాక చెయ్యి వణకడం మొదలైంది. ఆ తర్వాతి స్ట్రిప్పుల్లో నేల గీత, ఇంటి కప్పు గీత వణుకుతూనే ఉంటాయి. ఆయన దాన్ని దాచే ప్రయత్నం చేయలేదు. నాకు ఆ వణికే గీతలే ఎక్కువ ఇష్టం.

తక్కువ గీతలంటే తక్కువ పని అనుకుంటే పొరపాటు. నలభై గీతలున్న బొమ్మలో ఒకటి తప్పితే పోయేదేమీ లేదు. ఏడు గీతల బొమ్మలో ఒకటి తప్పితే దాచడానికి ఎక్కడా చోటుండదు. బాపు గీతని చూసి ఎంత సులువుగా ఉందో అనుకుని మొదలుపెట్టినవాళ్లందరికీ ఇది అనుభవమే. ఆయన గీసిన మనిషి వీపు ఒక్క వంపు. ఆ వంపులోనే వయసు, అహం, అలసట అన్నీ తెలిసిపోతాయి. అక్షరాలకి కూడా అదే చెయ్యి. ఆయన దస్తూరీ తర్వాత కంప్యూటర్ ఫాంట్ అయింది. కార్టూన్‌లో అక్షరం కూడా బొమ్మేనని ఇంతకంటే ఏం చెప్పాలి?

ఎవరి దగ్గర నేర్చుకుంటారు?

ప్రేరణ అనే మాటని మనం కాస్త మెత్తగా వాడతాం, అదేదో గాలివాటుగా తగిలేదన్నట్టు. కార్టూనిస్టుల విషయంలో అది ఎక్కువగా కాపీ కొట్టడంతోనే మొదలవుతుంది. ఇందులో దాచాల్సిందేమీ లేదు.

న్యూజిలాండ్‌లో పుట్టి లండన్‌లో పేరు తెచ్చుకున్న డేవిడ్ లో (Low) అనే కార్టూనిస్టు బొమ్మలు మైసూరులో ఒక కుర్రాడికి పత్రికల్లో కనిపించేవి. కింద సంతకాన్ని చాలాకాలం ‘కౌ’ (Cow, ఆవు) అని చదువుకున్నాడట. ఆ కుర్రాడు ఆర్.కె.లక్ష్మణ్. పేరు తప్పు చదివాడు గానీ గీతని సరిగ్గానే చదివాడు. లక్ష్మణ్ కుంచె పనిలో, ధారాళంగా నల్లరంగు పరిచే తీరులో డేవిడ్ లో నీడ కనిపిస్తుంది. అయినా లక్ష్మణ్ బొమ్మని ఎవరూ డేవిడ్ లో బొమ్మ అనుకోరు. ఎందుకంటే గీతల కింద ఉన్న నిర్ణయాలని ఆయన నేర్చుకున్నాడు. ఎక్కడ నలుపు పెడితే కన్ను అక్కడికి వెళుతుంది, నాయకుడిని ఎంత చిన్నగా గీస్తే ఆయన గొప్ప తగ్గుతుంది, గుంపులో ఎవరిని వెనక్కి తిప్పాలి, ఇవన్నీ నిర్ణయాలు. గీతని కాపీ చేసినవాడు నకలు దగ్గర ఆగిపోతాడు.

ప్రేరణ ఎప్పుడూ ఇంకో కార్టూనిస్టు నుంచే రావాలని లేదు. సాల్ స్టైన్‌బర్గ్ అనే చిత్రకారుడు మిలాన్‌లో ఆర్కిటెక్చర్ చదివాడు. ఆయన బొమ్మల్లో గీత ఒక భవనపు ప్లాన్‌లా నడుస్తూ, అదే గీత కాసేపు నీటి అంచు, కాసేపు బల్ల అంచు, కాసేపు ఆకాశం అయిపోతుంది. హిర్ష్‌ఫెల్డ్ 1932లో బాలీ వెళ్లాడు. అక్కడి ఎండలో రంగులన్నీ వెలిసిపోయి మనుషులు గీతలుగా మిగిలారని, తాను గీతకి అంకితమైంది అప్పుడేనని చెప్పుకున్నాడు. ఒక్కోసారి మనిషి కళకి దారి చూపేది ఒక రకం వెలుతురు.

రెండు వస్తువులు గుద్దుకున్నప్పుడు

ఇప్పుడు అసలు ప్రశ్న. కార్టూన్‌లో ఐడియా ఎలా పుడుతుంది?

ఒక వస్తువుకి తేడా ఉండదు, రెండింటి మధ్యే ఉంటుంది. కాబట్టి కార్టూన్ ఐడియాకి కనీసం రెండు కావాలి. కలవకూడని రెండు విషయాలు ఒకే చట్రంలో కలుస్తాయి. అమెరికన్ కార్టూనిస్టు జేమ్స్ థర్బర్ ఒకసారి బండ మీద కూర్చున్న సీల్‌ని (సముద్రంలో ఉండే జంతువు) గీద్దామనుకున్నాడు. బండ సరిగ్గా రాలేదు, మంచం తలవైపు ఉండే చెక్కలా వచ్చింది. సరే అని కింద మంచం, దాని మీద భార్యాభర్తలని గీసేశాడు. సీల్ అరుపు విన్నానంటున్న భర్త మీద భార్య విసుక్కుంటూ ఉంటుంది. సీల్ ఆ ఇద్దరి తలల వెనకే కూర్చుని ఉంటుంది. 1932లో అచ్చైన ఆ బొమ్మ చాలా పేరు తెచ్చుకుంది. ఇందులో అదృష్టం ఉంది, కాదనను. కానీ ఆ బండ మంచంలా ఉందని గమనించడం అదృష్టం కాదు. ఇంకొకరైతే రబ్బరు తీసుకుని చెరిపేవారు.

రోజూ వార్త మీద గీయాల్సినవాళ్లకి ఇలాంటి ప్రమాదాల కోసం ఎదురుచూసే తీరిక ఉండదు. వాళ్లు గుద్దుకోవడాన్ని తామే ఏర్పాటు చేస్తారు. 1939 ఆగస్టులో హిట్లర్, స్టాలిన్ ఒప్పందం చేసుకున్నారు. సెప్టెంబరులో రెండు సైన్యాలూ పోలండ్‌లోకి వచ్చాయి. సెప్టెంబరు 20న డేవిడ్ లో గీసిన కార్టూన్‌లో ఇద్దరూ టోపీలు తీసి, నడుం వంచి, ఎంతో మర్యాదగా నమస్కరించుకుంటారు. వాళ్ల నోటి నుంచి వచ్చేవి మాత్రం తిట్లు. ఇద్దరి మధ్యా నేల మీద ఒక శవం. ఒళ్లు మర్యాద చేస్తోంది, నోరు తిడుతోంది, కాళ్ల దగ్గర పోలండ్ చచ్చిపడి ఉంది. ఆ వారాల రాజకీయం మొత్తం ఈ మూడింటి మధ్య ఉన్న తేడాలోనే ఉంది.

బొమ్మకీ వ్యాఖ్యకీ మధ్య ఉండాల్సిన తేడాకి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ అబూ అబ్రహాం గీసింది. ఎమర్జెన్సీ రోజులు, 1975 డిసెంబరు. రాష్ట్రపతి స్నానాల తొట్టిలో కూర్చుని, సంతకం చేసిన కాగితాన్ని తలుపు సందులోంచి బయటి చేతికి అందిస్తుంటారు. ఇంకేమైనా ఆర్డినెన్సులుంటే కాస్త ఆగమనండి అంటుంటారు. బొమ్మని మూసేసి ఆ మాట మాత్రమే చదవండి, ఆఫీసులో ఎవరైనా అనే మాట. మాటని మూసేసి బొమ్మ మాత్రం చూడండి, ఒక పెద్దాయన స్నానం చేస్తున్నాడు. రెండూ కలిసినప్పుడే దేశంలో ఏం జరుగుతోందో అర్థమవుతుంది. కోపంగా ఒక్క గీత లేదు అందులో. చదివేవాళ్లే ఆ రెండింటినీ కలుపుకోవాలి, కలుపుకున్నాక ఆ కోపం వాళ్ల సొంతమైపోతుంది.

బొమ్మలో ఉన్నదే వ్యాఖ్యలో చెబితే కార్టూన్ చచ్చిపోతుంది. వర్షంలో తడుస్తున్న మనిషిని గీసి ‘అబ్బ, ఎంత వాన!’ అని రాయడం లాంటిదది. పత్రికల్లో విఫలమయ్యే కార్టూన్లలో చాలా వాటి జబ్బు ఇదే. గీసినవాళ్లకి చదివేవాళ్ల మీద నమ్మకం చాలక, నాయకుడి కోటు మీద పేరు, గాడిద మీద ‘ప్రభుత్వం’, గాడిద మోసే మూట మీద ‘అప్పులు’ అని రాసేస్తారు. చేటెడు పేర్లు అతికించాల్సి వచ్చిందంటే అక్కడ పోలిక కుదరలేదని అర్థం. పియర్ పండు మీద ఎవరూ రాజు పేరు రాయలేదు.

బల్ల మీద

పని జరిగే తీరు గురించి క్లుప్తంగా చెబుతాను. ముందు చిన్న చిన్న రఫ్‌లు, గోరంత సైజులో, ఐదో పదో. ఇవి బాగా చిన్నగా ఉండాలి, ఎందుకంటే చిన్న బొమ్మలో అలంకారానికి చోటుండదు, అమరిక మాత్రమే కనిపిస్తుంది. అక్కడ కుదరనిది పెద్దది చేసినా కుదరదు. తర్వాత పెన్సిల్, ఆ తర్వాత ఇంకు. ఇప్పుడు చాలామంది ట్యాబ్లెట్ మీద గీస్తున్నారు. దానివల్ల వేగం పెరిగింది, తప్పు చెరపడం తేలికైంది. చెరపడం తేలికైనచోట గీతలో తెగింపు తగ్గుతుందనేది నా అనుమానం.

ఎడమ నుంచి కుడికి చదివే భాషల్లో ముందు మాట్లాడేవాడు ఎడమవైపు ఉండాలి, అసలు మలుపు కుడివైపు చివర్లో ఉండాలి. ఈ చిన్న విషయం మర్చిపోయి జోకుని ముందే చెప్పేసిన కార్టూన్లు ఎన్నో. జపాన్ మాంగాలో పేజీ కుడి నుంచి ఎడమకి నడుస్తుంది కాబట్టి అక్కడ అమరిక మొత్తం తిరగబడుతుంది.

డెడ్‌లైన్‌ని అందరూ శత్రువులా చూస్తారు. కానీ లక్ష్మణ్ కామన్ మ్యాన్ వెనక ఉన్న కథ చూడండి. దేశంలోని మామూలు జనాన్ని చూపించడానికి మొదట్లో ఆయన బొమ్మ వెనక రకరకాల మనుషులని గీసేవాడు, ఒక్కో ప్రాంతం వేషంలో ఒక్కొక్కరిని. రోజూ టైముకి అందించాలి. ఒక్కొక్కరే తగ్గుతూ వచ్చి, చివరికి గళ్ల కోటు, పంచె, కళ్లద్దాలతో ఒక్క మనిషి మిగిలాడు. ఆయన మాట్లాడడు. ఏ ప్రాంతమూ ప్రత్యేకంగా అంటుకోకపోవడం వల్లే అందరికీ తనవాడయ్యాడు. కొన్ని దశాబ్దాలపాటు ఆయన మౌనంగా నిలబడి చూస్తూ ఉంటే, ఎదురుగా ఉన్నవాళ్ల మాటలన్నీ వాటంతటవే బోలుగా వినిపించాయి. తేడా చూపించడానికి ఇంతకంటే పొదుపైన పద్ధతి నేను చూడలేదు.

చదివేవాళ్ల సగటు

తేడా అనేది దేనితోనో పోలిస్తేనే తెలుస్తుంది. ఆ ‘దేనితో’ అన్నది చదివేవాళ్ల మనసులో ఉంటుంది, కార్టూనిస్టు చేతిలో ఉండదు. ఇదే ఈ కళలో అన్నిటికంటే కష్టమైన విషయం.

1949లో కార్టూనిస్టు శంకర్ ఒక బొమ్మ గీశారు. రాజ్యాంగం అనే నత్త మీద అంబేద్కర్ కొరడా పట్టుకుని కూర్చుని ఉంటారు, వెనక నెహ్రూ కూడా కొరడా ఎత్తి ఉంటారు. రాజ్యాంగ రచన నెమ్మదిగా సాగుతోందన్నది అప్పటి వ్యాఖ్య. 2012లో ఆ బొమ్మ పాఠ్యపుస్తకంలో ఉందని పార్లమెంటులో పెద్ద గొడవ జరిగింది, చివరికి దాన్ని తొలగించారు. అప్పట్లో చాలామంది కార్టూనిస్టులు శంకర్ ఉద్దేశం అది కాదని వాదించారు. ఉద్దేశం అది కాకపోవచ్చు. కానీ తరతరాలుగా వీపు మీద కొరడా దెబ్బలు తిన్న జనం ఆ బొమ్మ చూసినప్పుడు వాళ్లకి ముందు కనిపించేది నత్త కాదు, కొరడా. అది బొమ్మని తప్పుగా చదవడం అని నేననను. గీత అదే, పోల్చే చోటు వేరు. ఆ బొమ్మని తీసేయకుండా, దాన్ని ఎవరెవరు ఎలా చదివారో తరగతిలో చర్చించి ఉంటే బాగుండేదని నా అభిప్రాయం. అప్పుడు పిల్లలకి రాజ్యాంగం గురించీ కార్టూన్ గురించీ కూడా కొంత తెలిసేది.

గీసేవాళ్లకి ఇది భయపెట్టే విషయంగా కాక, గీసేముందు వేసుకోవాల్సిన ప్రశ్నగా ఉపయోగపడుతుంది. ఈ బొమ్మలో బరువు ఎవరి మీద పడుతోంది? నత్త మీదా, దాన్ని నడిపేవాడి మీదా, కొరడా పట్టుకున్నవాడి మీదా? ఒక్క గీత కోణం మారిస్తే ఆ బరువు ఒకరి మీద నుంచి ఇంకొకరి మీదకి మారిపోతుంది. రఫ్‌ని ఇంకొకరికి చూపించే అలవాటు ఇందుకే మంచిది. నవ్వారా లేదా అని అడగడం కంటే ముందు ఏం చూశారని అడిగితే ఎక్కువ తెలుస్తుంది.

లక్ష్మణ్ గురించి ఇంకొక్క మాట. నాయకులని గీయడం ఆయన వృత్తి. ఇష్టంగా గీసుకున్నది మాత్రం కాకుల్ని. చిన్నప్పుడు మైసూరులో మొదలుపెట్టిన కాకుల బొమ్మలు పెద్దయ్యాక కూడా ఆపలేదు. పచ్చటి చెట్టు ముందైనా, నీలం ఆకాశం ముందైనా, ఎర్రమట్టి మీదైనా ఆ నలుపు కొట్టొచ్చినట్టు కనిపిస్తుందనేవాడు. మనకి కాకులన్నీ ఒకటే. ఆయన గీసిన కాకుల్లో మెడ తిప్పి అనుమానంగా చూసేది ఒకటి, రెక్క విదిల్చేది ఒకటి, తడిసి ముడుచుకున్నది ఇంకొకటి. అవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఏ రెండూ ఒకేలా ఉండవు.